అదారు నెల మూడో రోజు: రెండో మందిరం పూర్తయిన కథలోని చిక్కుముడులు

బైబిలులోని ఎజ్రా గ్రంథం ఆరో అధ్యాయంలో పద్నాలుగు, పదిహేను వచనాలు పైపైన చదివితే మామూలు సమాచారంలాగే కనిపిస్తాయి. హగ్గయి, జెకర్యా ప్రవచిస్తూ ఉంటే యూదుల పెద్దలు యెరూషలేములో మందిరం కట్టారు. దర్యావేషు ఏలుబడిలో ఆరో సంవత్సరం, అదారు నెల మూడో రోజున అది పూర్తయింది. రోజు, నెల, సంవత్సరం అన్నీ ఉన్నాయి. ఇక చిక్కు ఏముంటుంది?

పద్నాలుగో వచనాన్ని ఇంకోసారి నెమ్మదిగా చదివితే తెలుస్తుంది. కోరెషు, దర్యావేషు, అర్తహషస్త అనే ముగ్గురు పారసీక రాజుల ఆజ్ఞ చొప్పున ఆ పని జరిగిందని అక్కడ రాసి ఉంది. మందిరం పూర్తయింది క్రీ.పూ. 515లో. అర్తహషస్త సింహాసనం ఎక్కింది క్రీ.పూ. 465లో. కట్టడం ముగిసిన యాభై ఏళ్లకు రాజైన మనిషి, దానికి ఆజ్ఞ ఇచ్చినవారి వరుసలో నిలబడ్డాడు. అది చాలదన్నట్టు రెండు అధ్యాయాలు వెనక్కి వెళితే, అదే అర్తహషస్త యెరూషలేములో పని ఆపించినట్టు, ఆ తర్వాత దర్యావేషు కాలంలో పని మళ్లీ మొదలైనట్టు కనిపిస్తుంది. తాత కంటే మనవడు ముందు పుట్టినట్టు ఉంటుంది ఈ లెక్క. నిజంగానే అర్తహషస్త దర్యావేషుకు మనవడు.

మన తెలుగు ప్రాంతాల్లో కొత్త చర్చి ప్రతిష్ఠ జరిగితే, ఆహ్వాన పత్రిక మీదో గోడకు పొదిగిన పాలరాతి ఫలకం మీదో హగ్గయి మాట తరచూ కనిపిస్తుంది. కడవరి మందిర మహిమ మునుపటి మందిర మహిమను మించుతుందన్న మాట అది. ఆ మాట పుట్టింది ఈ రెండో మందిరం దగ్గరే. సగం కూడా లేవని గోడల మధ్య, నిరాశపడిన జనానికి చెప్పిన మాట. ఆ సందర్భం తెలియకుండా ఆ ఫలకాన్ని చదివితే సగమే చదివినట్టని నా నమ్మకం. అందుకే ఈ చిక్కును ఒక్కొక్క ముడిగా విప్పాలనిపించింది.

ముందుగా కాలక్రమం

సొలొమోను కట్టించిన మొదటి మందిరాన్ని బబులోను సైన్యం క్రీ.పూ. 586లో తగలబెట్టింది. నెబుకద్నెజరు యూదా పెద్దలను, పనివారిని చెరపట్టి తీసుకుపోయాడు. క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నాడు. మరుసటి ఏడాది, అంటే క్రీ.పూ. 538లో, యూదులు తిరిగి వెళ్లి మందిరం కట్టుకోవచ్చని ఆజ్ఞ ఇచ్చాడు. తిరిగి వచ్చినవాళ్లు బలిపీఠం నిలబెట్టారు, పునాది వేశారు. తర్వాత పని ఆగిపోయింది. క్రీ.పూ. 520లో, దర్యావేషు రెండో సంవత్సరంలో, మళ్లీ మొదలైంది. 515లో ముగిసింది. ఈ దర్యావేషు దానియేలు గ్రంథంలో కనిపించే మాదీయుడైన దర్యావేషు కాడు. క్రీ.పూ. 522 నుంచి 486 వరకు ఏలిన మొదటి దర్యావేషు.

కోరెషు ఆజ్ఞ యూదుల మీద మాత్రమే చూపిన ప్రత్యేకమైన దయ అనుకుంటాం. 1879లో బబులోను శిథిలాల్లో పీపా ఆకారంలో ఉన్న ఒక మట్టి శాసనం దొరికింది. పొడవు అడుగు కూడా ఉండదు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. టైగ్రిస్ నదికి ఆవల పాడుబడిన పుణ్యస్థలాలకు అక్కడి దేవతా విగ్రహాలను తిరిగి పంపించానని, ఆ జనాలను కూడగట్టి వారి నివాసాలకు చేర్చానని అందులో కోరెషు చెప్పుకొన్నాడు. యూదా పేరు గాని, యెరూషలేము పేరు గాని అందులో లేవు. దాన్ని ఎజ్రా మొదటి అధ్యాయానికి నేరుగా రుజువుగా చూపించడం పొరపాటు. కానీ జయించిన రాజు స్థానిక దేవాలయాలను నిలబెట్టి జనం మనసు గెలుచుకోవడం ఆ రాజ్యనీతిలో భాగమని మాత్రం అది స్పష్టంగా చెబుతుంది.

అందరికీ వారి వారి విగ్రహాలు తిరిగి వెళ్లాయి సరే, విగ్రహమే లేని యూదులకు ఏం తిరిగి వెళ్తుంది? పాత్రలు వెళ్లాయి. నెబుకద్నెజరు దోచుకుపోయిన మందిరపు పళ్లేలు, గిన్నెలు, కత్తులు. ఖజానాదారు వాటిని లెక్కపెట్టి షేష్బజ్జరు అనే అధిపతికి అప్పగించాడు. ఎజ్రా మొదటి అధ్యాయం ఆ జాబితాను అంకెలతో సహా ఇస్తుంది. విడివిడిగా ఇచ్చిన అంకెలు కూడితే 2,499 వస్తుంది, చివర మొత్తం మాత్రం 5,400 అని ఉంటుంది. నకళ్లు రాసేటప్పుడు కొన్ని అంకెలు జారిపోయి ఉంటాయని చాలామంది పండితుల అభిప్రాయం. నాకు ఆ లెక్క తేడా కంటే లెక్కపెట్టిన తీరు ముఖ్యంగా అనిపిస్తుంది. యాభై ఏళ్లుగా పరాయి గుడి ఖజానాలో పడి ఉన్న గిన్నెలను ఒక్కొక్కటిగా బయటికి తీసి అప్పగిస్తుంటే, అందుకుంటున్నవాళ్ల చేతులు ఎలా వణికి ఉంటాయో ఆ పొడి జాబితా వెనక కనిపిస్తుంది.

నాలుగో అధ్యాయంలో అసలు ముడి

చదువరులను ఎక్కువగా తికమక పెట్టేది ఎజ్రా నాలుగో అధ్యాయం. అందులో రాజులు వచ్చే వరుస ఇది: ఐదో వచనంలో కోరెషు నుంచి దర్యావేషు వరకు. ఆరో వచనంలో అహష్వేరోషు. ఏడు నుంచి ఇరవై మూడు వరకు అర్తహషస్త. ఇరవై నాలుగులో మళ్లీ దర్యావేషు. చరిత్రలో మాత్రం వరుస వేరు. కోరెషు తర్వాత కంబైసెస్ (ఈయన పేరు ఎజ్రాలో రాదు), తర్వాత దర్యావేషు, తర్వాత అహష్వేరోషు అని బైబిలు పిలిచే జెర్క్సీస్, తర్వాత అర్తహషస్త. కాబట్టి ఆరు నుంచి ఇరవై మూడు వరకు ఉన్న వచనాలు కథలో ముందుకు దూకి, ఇరవై నాలుగులో మళ్లీ వెనక్కి వచ్చాయి.

కొందరు పాత వ్యాఖ్యాతలు రాజుల పేర్లను సర్దడానికి ప్రయత్నించారు. ఇక్కడి అహష్వేరోషు అంటే కంబైసెస్ అని, అర్తహషస్త అంటే నడుమ కొన్ని నెలలు గద్దెనెక్కిన వేరొకరని లెక్క చెప్పారు. అంత శ్రమ అక్కర్లేదు. ఉత్తరంలో ఏముందో చూస్తే చాలు. రెహూము, షిమ్షయి అనే అధికారులు అర్తహషస్తకు రాసిన ఫిర్యాదులో మందిరం ఊసే లేదు. ఫిర్యాదంతా పట్టణం గురించి, ప్రాకారాల గురించి. ఈ గోడలు లేస్తే నీకు పన్ను, సుంకం రావు, ఇది మొదటి నుంచీ తిరుగుబాటు పట్టణం, పాత రికార్డులు తీయించి చూడు అని రాశారు. ఇది మందిరం పూర్తయిన కొన్ని దశాబ్దాల తర్వాత గోడల విషయంలో జరిగిన మరో గొడవ.

మరి రచయిత దాన్ని ఇక్కడ ఎందుకు పెట్టాడు? తిరిగి వచ్చిన యూదులకు పొరుగువారి నుంచి ఎదురైన అడ్డంకుల సంగతి ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నాక అదే కోవలోని మిగతావి కూడా అక్కడే చెప్పేశాడు. కోరెషు నాటిది, అహష్వేరోషు నాటిది, అర్తహషస్త నాటిది, అన్నీ ఒకే మూట. మూట కట్టాక కథను వదిలిన చోటికి తిరిగి రావాలి కదా. అందుకే ఐదో వచనం దర్యావేషు పేరుతో ఆగింది, ఇరవై నాలుగో వచనం మళ్లీ దర్యావేషు పేరుతోనే అందుకుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు పాత సంగతులు చెప్పేటప్పుడు కూడా ఇలాగే ఒక తగాదా చెబుతూ, ఆ కుటుంబంతోనే ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన ఇంకో తగాదా కూడా చెప్పేసి, "సరే, ఆ ఇల్లు కట్టే రోజుల్లో" అని మొదటి చోటికి వస్తారు. వింటున్నవాళ్లు తికమకపడరు, ఎందుకంటే ఎవరు ఎప్పటివారో వాళ్లకు తెలుసు. ఎజ్రా గ్రంథాన్ని మొదట విన్నవాళ్లకూ రాజుల వరుస తెలుసు. తెలియనిది మనకే.

ఈ ముడి విప్పాక మరో చోట వెలుగు పడుతుంది. నెహెమ్యా గ్రంథం మొదట్లో, యెరూషలేము ప్రాకారాలు కూలి, గుమ్మాలు కాలిపోయాయన్న కబురు విని, అర్తహషస్త ఆస్థానంలో ఉన్న యూదుడు నెహెమ్యా కూలబడి ఏడుస్తాడు. నూట నలభై ఏళ్ల కిందట బబులోనువాళ్లు చేసిన నష్టం గురించి ఇప్పుడే తెలిసినట్టు ఏడవడం ఏమిటి? అర్తహషస్త ఉత్తరం చేతికి రాగానే అధికారులు బలవంతంగా వెళ్లి పని ఆపించారని ఎజ్రా నాలుగు చెబుతోంది. నెహెమ్యా విన్నది ఆ తాజా దెబ్బ గురించి అనుకుంటే ఆ కన్నీళ్లు అర్థమవుతాయి. అర్తహషస్త తన ఉత్తరంలో ఒక సందు కూడా వదిలాడు: నేను మరో ఆజ్ఞ ఇచ్చేవరకు పని ఆపండి అన్నాడు. ఆ మరో ఆజ్ఞనే నెహెమ్యా క్రీ.పూ. 445లో సంపాదించుకున్నాడు.

ఇక ఆరో అధ్యాయం పద్నాలుగో వచనంలో అర్తహషస్త పేరు ఎందుకుందో ఊహించడం కష్టం కాదు. అదే రాజు తర్వాత యాజకుడైన ఎజ్రా చేతికి వెండి బంగారాలు ఇచ్చి మందిర సేవకు పంపాడు. రచయిత దృష్టిలో మందిరం అంటే గోడలు, కప్పు మాత్రమే అయి ఉండదు. దాని ఆరాధన, దాని పోషణ కూడా కలిస్తేనే మందిరం. ఆ లెక్కన కోరెషు మొదలుపెట్టించాడు, దర్యావేషు కట్టించాడు, అర్తహషస్త నిండుదనం తెచ్చాడు.

పునాది ఎన్నిసార్లు వేశారు?

రెండో ముడి పునాది. ఎజ్రా ఐదో అధ్యాయంలో పునాది వేసింది షేష్బజ్జరు. మూడో అధ్యాయంలో తిరిగి వచ్చినవారి నాయకుడు జెరుబ్బాబెలు, యాజకుడైన యేషూవ. వచ్చిన రెండో సంవత్సరం రెండో నెలలో, అంటే సుమారు క్రీ.పూ. 536లో. హగ్గయి రెండో అధ్యాయంలో మాత్రం పునాది రోజు క్రీ.పూ. 520 ప్రాంతంలో పడుతుంది. మూడు చోట్ల చెప్పిన మాటల్లో ఏది నిజం?

మన దగ్గర శంకుస్థాపన ఒకనాడు జరుగుతుంది, పునాది తవ్వడం మరోనాడు, గోడ లేవడం ఇంకెప్పుడో. ఎవరైనా అడిగితే మూడింటినీ "పని మొదలుపెట్టిన రోజు" అనే చెబుతాం. పైగా ఇక్కడ వాడిన హీబ్రూ క్రియకు కొత్తగా పునాది తవ్వడం ఒక్కటే అర్థం కాదు. బాగుచేసి నిలబెట్టడం అనే అర్థం కూడా ఉంది. యోవాషు రాజు మందిరాన్ని మరమ్మతు చేయించినప్పుడు దినవృత్తాంతాల రెండో గ్రంథం ఇదే ధాతువు నుంచి వచ్చిన పదం వాడింది. సొలొమోను వేయించిన పెద్ద పునాది రాళ్లు నిప్పుకు పూర్తిగా కరిగిపోయేవి కావు. అందువల్ల షేష్బజ్జరు అధికారికంగా మొదలుపెట్టాడు, జెరుబ్బాబెలు కొంత పని చేయించాడు, పదహారేళ్లు ఆగాక 520లో ఆ పునాదినే శుభ్రం చేసి మళ్లీ ప్రారంభోత్సవం జరిపారు అనుకోవడంలో వైరుధ్యం లేదు. ప్రాచీన మెసొపొటేమియాలో పాడైన గుడిని తిరిగి కట్టేటప్పుడు పాత కట్టడం నుంచి ఒక ఇటుకను తీసి కొత్తదాంట్లో పెట్టే ఆచారం ఉండేది. జెకర్యా నాలుగో అధ్యాయంలో జనం జయజయధ్వానాల మధ్య జెరుబ్బాబెలు తీసుకువచ్చే రాయి అలాంటిదేనని కొందరు పండితులు చెప్పారు. పాత మందిరం నుంచి కొత్త మందిరానికి నడిచి వచ్చే ఒకే ఒక్క రాయి. ఆ వివరణ నాకు చాలా నచ్చుతుంది.

మూడో అధ్యాయం చివర ఒక దృశ్యం ఉంది. పునాది పడగానే యాజకులు బూరలు ఊదారు, లేవీయులు తాళాలు వాయించారు, జనం కేకలు వేశారు. మొదటి మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు గట్టిగా ఏడ్చారు. ఏది సంతోషపు కేకో, ఏది ఏడుపో దూరంగా ఉన్నవాళ్లకు తెలియలేదట. మందిరం కాలిపోయిన రోజు పదేళ్ల పిల్లవాడిగా ఉన్న మనిషికి ఆ రోజు అరవై ఏళ్లు. పని మళ్లీ మొదలయ్యేనాటికి డెబ్భై ఆరు. పూర్తయిన రోజున బతికి ఉంటే ఎనభై ఒకటి.

పదహారేళ్లు ఎందుకు ఆగింది

ఎజ్రా చెప్పే కారణం పొరుగువారి అడ్డంకులు. మేమూ మీ దేవుణ్ణే కొలుస్తున్నాం, మాతో కలిసి కట్టండి అని వాళ్లు వచ్చారు. జెరుబ్బాబెలు ఒప్పుకోలేదు. అప్పటి నుంచి వాళ్లు జనాన్ని బెదిరించారు, ఆస్థానంలో మంత్రులకు డబ్బిచ్చి వ్యతిరేకంగా చెప్పించారు. హగ్గయి గ్రంథం తెరిస్తే ఆ పొరుగువారు కనిపించనే కనిపించరు. హగ్గయి వేలు జనం వైపే చూపిస్తుంది. మందిరం పాడై ఉంటే మీరు పలకలు తాపిన ఇళ్లలో కూర్చోవడానికి ఇదా సమయం అంటాడు. ఎక్కువ విత్తారు, కొంచెం కోశారు. కూలివాడు సంపాదించిన కూలి చిల్లులు పడిన సంచిలో వేసినట్టయింది.

రెండు కారణాలూ నిజమే. ఈ రెంటిలో హగ్గయి చెప్పినదాన్నే నేను బరువైనదిగా చూస్తాను. అడ్డంకి వచ్చిన రోజున పని ఆగడం సహజం. పదహారేళ్లు ఆగి ఉండడానికి మాత్రం లోపలి అలవాటు కావాలి. పైగా ఆ రోజుల్లో ఆ నేల కరువులో ఉంది, జనం పేదవాళ్లు. ఇంకా సమయం రాలేదు అన్న వాళ్ల మాటను హగ్గయి ఖండించాడు కానీ, ఆ మాట వెనక అలసట ఉంది. యూదా దేశం పాడై డెబ్భై ఏళ్లు నిండాలన్న యిర్మీయా ప్రవచనం ఇంకా పూర్తి కాలేదన్న లెక్క కూడా ఉండవచ్చు.

హగ్గయి పుస్తకానికి రెండే అధ్యాయాలు, అన్ని మాటలకూ తేదీలు. దర్యావేషు రెండో సంవత్సరం ఆరో నెల మొదటి రోజున మొదటి ప్రసంగం, మన క్యాలెండరులో క్రీ.పూ. 520 ఆగస్టు 29. అదే నెల ఇరవై నాలుగున పని మొదలైంది. పదహారేళ్లు కదలని పని ఇరవై మూడు రోజుల్లో కదిలింది. తర్వాత నెలలోనే, పర్ణశాలల పండుగ చివరి రోజుల్లో, జనం చేతులు మళ్లీ జారిపోయాయి. లేస్తున్న గోడలు చూసి ముసలివాళ్లు పాత మందిరాన్ని తలుచుకున్నారు. అప్పుడు హగ్గయి వాళ్ల మనసులోని మాటను తనే అనేశాడు: దీన్ని మునుపటి వైభవంలో చూసినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? ఇప్పుడు మీ కంటికి ఇది ఎందుకూ కొరగానట్టు లేదూ? ఆ తర్వాతే కడవరి మందిర మహిమ గురించిన మాట చెప్పాడు. మన ఫలకాల మీద ఆ ముందు ప్రశ్న ఉండదు. ఆ ప్రశ్న లేకపోతే జవాబు బరువు తెలియదు.

జెకర్యా కూడా ఆ ఏడాదే మాట్లాడడం మొదలుపెట్టాడు. "శక్తిచేతనైనను బలముచేతనైనను కాక నా ఆత్మచేతనే" అన్న ప్రసిద్ధ వాక్యం జెరుబ్బాబెలును ఉద్దేశించి, ఈ కట్టడం గురించి చెప్పిందే. వీని చేతులు పునాది వేశాయి, వీని చేతులే ముగిస్తాయి అని జెకర్యా చెప్పాడు. కొద్దిపాటి పనులు జరిగే రోజులను చిన్నచూపు చూసినవారెవరని అడిగాడు.

ఒక అధికారి, ఒక పాత నోటు

పని మొదలైందని తెలిసి యూఫ్రటీసుకు పడమటి రాష్ట్రపు అధికారి తత్తెనయి వచ్చాడు. ఇతను కల్పిత పాత్ర కాడు. తత్తన్ను అనే పేరుతో, అదే హోదాతో, క్రీ.పూ. 502 నాటి ఒక బబులోను మట్టి పలకలో కనిపిస్తాడు. నాకు బైబిల్లోని పరదేశ అధికారులందరిలోకీ ఇతని మీద గౌరవం ఎక్కువ. ఎవరు అనుమతి ఇచ్చారని అడిగాడు, కట్టిస్తున్నవారి పేర్లు రాసుకున్నాడు, కానీ జవాబు వచ్చేవరకు పని ఆపించలేదు. దర్యావేషుకు రాసిన నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాశాడు. పెద్ద రాళ్లతో కడుతున్నారు, గోడల్లో దూలాలు వేస్తున్నారు, పని చురుకుగా సాగుతోంది. కోరెషు ఆజ్ఞ ఇచ్చాడని వీళ్లంటున్నారు, రికార్డుల్లో వెతికించండి. రెహూము ఉత్తరంతో పోల్చి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ అభియోగం, ఇక్కడ విచారణ.

దర్యావేషు కొత్తగా రాజైనవాడు. 522, 521 సంవత్సరాల్లో రాజ్యమంతటా లేచిన తిరుగుబాట్లను అణచి కూర్చున్నాడు. దావీదు వంశపు జెరుబ్బాబెలు ఒక పట్టణంలో జనాన్ని కూడగట్టి ఏదో కడుతున్నాడంటే అనుమానించడానికి అతనికి కారణం ఉంది. అయినా వెతికించాడు. బబులోను దస్తావేజుల గదిలో దొరకలేదు. మాదీయుల దేశంలోని ఎగ్బతానాలో, అంటే నేటి ఇరాన్‌లోని హమదాన్‌లో, ఒక చుట్ట దొరికింది. దానిమీద రాసి ఉన్న అరామిక్ మాటకు మన ఆఫీసుల్లో ఫైల్లో పెట్టుకునే నోటు అని అర్థం చెప్పుకోవచ్చు. ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, ఈజిప్టులోని ఎలిఫాంటిన్ అనే నైలు ద్వీపంలో ఉన్న యూదుల గుడిని క్రీ.పూ. 410లో శత్రువులు కూల్చేస్తే, తిరిగి కట్టుకోవడానికి వాళ్లు 407లో యూదా అధికారికి అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీకి వచ్చిన జవాబు కూడా అదే మాటతో మొదలవుతుంది. ఎజ్రా గ్రంథం ఉటంకించిన పత్రాలకు ఆనాటి కచేరీల భాష తెలుసు.

ఒకటో అధ్యాయంలో కోరెషు ఆజ్ఞ ఒకలాగా, ఆరో అధ్యాయంలో మరోలాగా ఉందని ఆక్షేపించేవారున్నారు. మొదటిది హీబ్రూలో జనానికి చాటించిన ప్రకటన. రెండోది అరామిక్‌లో ఖజానా కోసం రాసుకున్న నోటు. ప్రకటనలో దేవుని పేరు ఉంటుంది, ఖజానా నోటులో కొలతలు, ఖర్చు ఉంటాయి. మూడు వరుసల పెద్ద రాళ్లు, ఒక వరుస మ్రాను, ఖర్చు రాజు ఇంటి నుంచి. ఎత్తు అరవై మూరలు, వెడల్పు అరవై మూరలు అని ఉంది, పొడవు లేదు. సొలొమోను మందిరం పొడవు అరవై, వెడల్పు ఇరవై, ఎత్తు ముప్పై మూరలే. ముసలివాళ్లు చూసి ఏడ్చిన కట్టడం దానికి మూడింతల వెడల్పు ఉండదు. నకలు రాసేటప్పుడు అంకెలు చెదిరాయని చాలామంది అంటారు. ఖర్చు మంజూరుకు గరిష్ఠ హద్దు అని కొందరంటారు. నాకు మొదటిదే సబబుగా తోస్తుంది.

నోటు దొరికాక దర్యావేషు జవాబు తిరుగులేనిది. మీరు దూరంగా ఉండండి, పని సాగనివ్వండి. ఖర్చు మీ రాష్ట్రపు పన్నుల్లోంచే ఇవ్వండి. కోడెలు, పొట్టేళ్లు, గోధుమలు, ఉప్పు, ద్రాక్షారసం, నూనె ఏ రోజుకారోజు అందించండి. వాళ్లు రాజు కోసం, రాజు కొడుకుల కోసం ప్రార్థించాలి. ఈ ఆజ్ఞ మార్చినవాడి ఇంటి దూలం పీకి దానికే వాణ్ణి ఎక్కించండి. ఆ చివరి మాట బెదిరింపు కోసం రాసింది కాదు. ఎగ్బతానాలోనే తన శత్రువు ఒకణ్ణి కొరత వేయించానని ఇదే దర్యావేషు బెహిస్తూన్ కొండ శాసనంలో చెక్కించుకున్నాడు.

ముగిసిన రోజు

క్రీ.పూ. 520 సెప్టెంబరులో మొదలైన పని 515 మార్చి 12న పూర్తయింది. నాలుగున్నర ఏళ్లకు కొంచెం తక్కువ. సొలొమోను మందిరానికి ఏడేళ్లు పట్టింది. యూదుల మాసాలు కూడా మన పంచాంగంలాగే చంద్రుణ్ణి అనుసరిస్తాయి, అధికమాసం కూడా ఉంటుంది. అదారు చివరి నెల, మనకు ఫాల్గుణం ఎలాగో అలాగ. దాని తర్వాత వచ్చే నీసానుతో సంవత్సరం మొదలవుతుంది, మన చైత్రంలాగా. కాబట్టి మందిరం కొత్త సంవత్సరం గుమ్మంలో పూర్తయింది.

తేదీ విషయంలో ఒక భేదం ఉంది. గ్రీకులో నిలిచిన ఎజ్రా మొదటి గ్రంథం అదారు ఇరవై మూడు అంటుంది. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా ఇరవై మూడే అన్నాడు, కానీ సంవత్సరం తొమ్మిదోది అని రాశాడు. ఆ ఏడాది అదారు మూడో తేదీ సబ్బాతు రోజున పడిందని, ఆ రోజు పని ముగించరని, ఇరవై అనే మాట హీబ్రూ నకలులో జారిపోయిందని వాదించినవారున్నారు. ఇరవై మూడు నుంచి ఎనిమిది రోజుల ప్రతిష్ఠ జరిగితే సరిగ్గా కొత్త సంవత్సరానికి ముగుస్తుంది. వాదం అందంగానే ఉంది. అంత చక్కగా అమరడమే నాకు అనుమానం కలిగిస్తుంది. ఎవరో తర్వాత సరిదిద్దినట్టు ఉంది. నేను మూడో తేదీ వైపే ఉంటాను.

ప్రతిష్ఠ నాడు నూరు ఎద్దులు, రెండు వందల పొట్టేళ్లు, నాలుగు వందల గొర్రెపిల్లలు బలి ఇచ్చారు. సొలొమోను ప్రతిష్ఠలో ఎద్దులే ఇరవై రెండు వేలు, గొర్రెలు లక్షా ఇరవై వేలు. తేడా ఎంతో రచయిత దాచలేదు. దాని పక్కనే ఇంకో అంకె ఉంది: పాపపరిహారం కోసం పన్నెండు మేకపోతులు, ఇశ్రాయేలు గోత్రానికొకటి చొప్పున. తిరిగి వచ్చినవాళ్లలో ఎక్కువమంది యూదా, బెన్యామీను, లేవీ గోత్రాలవాళ్లే. ఉత్తరాది గోత్రాలు అష్షూరు చెరలో చెదిరిపోయి రెండు వందల ఏళ్లు దాటింది. అయినా వాళ్ల వంతు మేకపోతును తగ్గించలేదు. రాని అన్నదమ్ములకు కూడా విస్తరి వేసినట్టు అనిపిస్తుంది నాకు ఆ వచనం.

ఈ రోజున కనిపించాల్సిన ఒక మనిషి కనిపించడు. జెరుబ్బాబెలు పేరు ముగింపు వృత్తాంతంలో లేదు. కట్టింది యూదుల పెద్దలు అని మాత్రమే ఉంది. ఇతను చెరపట్టబడిన రాజు యెహోయాకీను మనవడు. యెహోయాకీను నా ముద్ర ఉంగరమైనా ఊడదీసి పారేస్తాను అని దేవుడన్నట్టు యిర్మీయా ప్రవచించాడు. జెరుబ్బాబెలును ముద్ర ఉంగరంగా చేస్తాను అని హగ్గయి ఆ మాటను తిరగరాశాడు. అంత ఆశ పెట్టుకున్న మనిషి తర్వాత ఏమయ్యాడో ఎజ్రా ఒక్క మాట చెప్పదు. పారసీకులు తొలగించారని ఊహించినవారున్నారు, దానికి ఆధారం లేదు. గ్రంథం మౌనంగా ఉన్న చోట మనమూ ఆగడం మంచిది.

చదివేటప్పుడు తెలుగులో కనిపించని ఒక మార్పు కూడా ఇక్కడే జరుగుతుంది. నాలుగో అధ్యాయం ఎనిమిదో వచనం నుంచి కథ అరామిక్‌లో, అంటే సామ్రాజ్యపు కార్యాలయాల భాషలో నడుస్తోంది. ప్రతిష్ఠ దాకా అదే. ఆరో అధ్యాయం పంతొమ్మిదో వచనంలో, ప్రతిష్ఠ తర్వాత ఆరు వారాల లోపే వచ్చిన పస్కా పండుగ దగ్గర, మళ్లీ హీబ్రూ మొదలవుతుంది. ఉత్తరాలు, అనుమతులు, నివేదికలు అయిపోయాయి. ఇంట్లో కూర్చుని ఇంటి భాషలో పండుగ చేసుకున్నారు. ఆ పండుగ చివర పారసీక రాజును అష్షూరు రాజు అని పిలవడం మరో చిక్కు. అష్షూరు సామ్రాజ్యం అప్పటికి లేదు. అయితే ఇశ్రాయేలు మీద చెర అనేది మొదలైంది అష్షూరుతోనే. అదే సింహాసనం చేతులు మారుతూ వచ్చిందని, అప్పుడు చెదరగొట్టిన అధికారమే ఇప్పుడు చేయూతనిచ్చిందని రచయిత భావం కావచ్చు.

డెబ్భై ఏళ్ల లెక్క కూడా ఇక్కడ కలుస్తుంది. యిర్మీయా చెప్పిన డెబ్భై ఏళ్లను బబులోను ఏలుబడికి అన్వయిస్తే కోరెషు రాకతో దాదాపు నిండుతాయి. మందిరం పాడై ఉన్న కాలానికి అన్వయిస్తే 586 నుంచి 515 వరకు, సుమారు డెబ్భై. జెకర్యా రెండోసారి ఆ అంకె ఎత్తింది మందిరం కాలిపోయిన నెలలో చేసే ఉపవాసం గురించే.

ఇంత శ్రమపడి కట్టిన ఇంట్లో లోపలి గది ఖాళీగా ఉంది. పది ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె, అంటే నిబంధన మందసం, తిరిగి రాలేదు. అప్పగించిన పాత్రల జాబితాలో అది లేదు. సొలొమోను ప్రతిష్ఠ నాడు మందిరాన్ని నింపిన మేఘం గురించి ఎజ్రా ఏమీ రాయలేదు. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే తెర తోసి అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లినప్పుడు అక్కడ ఏ దేవతా రూపం కనబడలేదని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ ఖాళీ గది చుట్టూనే ఆ మందిరం హేరోదు తిరిగి కట్టించేవరకు దాదాపు ఐదు వందల ఏళ్లు నిలిచింది, సొలొమోను మందిరం కంటే ఎక్కువ కాలం.

మందసం ఉండాల్సిన చోట నేల మీంచి మూడు వేళ్ల ఎత్తున ఒక బండరాయి ఉండేదని యూదుల పాత ధర్మసూత్రాల సంకలనం మిష్నా చెబుతుంది. దాని పేరు షెతియా, పునాది రాయి అని దానికి చెప్పుకునే అర్థం. ఏడాదికొకసారి, ప్రాయశ్చిత్త దినాన, ప్రధాన యాజకుడు ఒంటరిగా లోపలికి వెళ్లి ధూపార్తిని ఆ రాతి మీద పెట్టేవాడు.